రూపాయి బిళ్ళంత సందు

రిటైరైన నెలలోనే టౌన్‌కి వెళ్ళి రంపం, ఉలి, చిత్రిక కొనుక్కొచ్చాను. స్టీల్ ప్లాంట్‌లో తనిఖీ విభాగం నాది. ముప్పై ఏళ్ళకు పైగా ఇతరులు చేసినవాటికి వంకలు పెట్టి బతికినవాణ్ణి, ఇక నా చేతులతో నేనే ఏదైనా చేయాలనిపించింది. మా ఆవిడ మాత్రం, ఇన్నాళ్ళూ ఇనుముకి పెట్టిన వంకలు ఇక కర్రకి పెడతారన్నమాట అంది. పెందుర్తిలో మా ఇంటి వెనక వరండా నా కార్ఖానా అయింది.

మొదట చేసిన పీట కుంటింది. రెండోదీ కుంటింది. మా ఆవిడ దాని మీదే కూర్చుని వంకాయలు తరిగేది, ఊగినప్పుడల్లా నా వైపు చూసేది. మూడో పీట నాలుగు కాళ్ళ మీదా నిలబడేసరికి నాకు కొమ్ములొచ్చాయి. ఎండాకాలంలో వంటింటికి రెండు తలుపుల అలమర చేశాను. ప్లాంట్ రోజుల నుంచి నా దగ్గరో ఫీలర్ గేజ్ ఉంది. సందుల్లో దూర్చి కొలిచే సన్నని ఉక్కు రేకులు అవి. అన్నిటికంటే పల్చని రేకు కూడా నా తలుపుల మధ్య దూరలేదు. పక్కింటివాళ్ళని పిలిచి మరీ చూపించాను.

శ్రావణంలో నాలుగు రోజులు ముసురు పట్టింది. ఐదో రోజు పొద్దున అలమర తెరుచుకోలేదు. కాఫీ పొడి లోపల ఉండిపోయింది. బలంగా లాగితే పిడి ఊడి చేతిలోకొచ్చింది.

"గృహప్రవేశం రోజు మన తలుపులూ ఇలాగే పట్టేశాయి కదండీ" అంది మా ఆవిడ.

ఆవిడ మామూలుగానే అంది. నేను మాత్రం ఆ పిడి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ రోజుని గుర్తు తెచ్చుకోకుండా పదిహేనేళ్ళు నెట్టుకొచ్చాను మరి.

ఈ ఇంటి తలుపులు చేసింది కంచరపాలెం నుంచి వచ్చే వడ్రంగి మేస్త్రి. నాకంటే పెద్దవాడే, అయినా అతన్ని 'నువ్వు' అనేవాణ్ణి, అతను బాబూ అనేవాడు. మే నెల ఎండలో తలుపులు బిగిస్తుంటే ఇదే ఫీలర్ గేజ్ పట్టుకుని గది గదికీ తిరిగాను. ప్రతి తలుపుకీ, గుమ్మానికీ మధ్య సందు ఉంది. ఇదేమిటని నిలదీస్తే అతను జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి సందులో జార్చి చూపించాడు.

"కర్ర వానలకి నీరు తాగుతాది బాబూ. బిళ్ళంత సందు వదలాలి."

మా దగ్గర ఇంత తేడా ఉంటే సరుకు వెనక్కి పంపేస్తాం అన్నాను. పనివాళ్ళందరూ వింటుండగానే అన్నాను. అతను ఇంకోసారి చెప్పబోయాడు. సాకులు చెప్పొద్దన్నాను. మర్నాడు ప్రతి తలుపు అంచుకీ సన్నని టేకు పట్టీలు అతికించి సందులన్నీ మూసేశాడు. రేకు దూరకపోయేసరికి నేను తృప్తిగా తలాడించాను.

శ్రావణంలో గృహప్రవేశం. ముందు రోజంతా వాన. పొద్దున్నే మా పెద్దత్త స్నానాల గదిలో ఇరుక్కుపోయింది. లోపల్నుంచి ఆవిడ, బయట్నుంచి అరవైమంది చుట్టాలు, ఒకటే కేకలు. మేస్త్రి ఆ రోజు పనికి రాలేదు, భోజనానికి వచ్చాడు, భార్యని వెంటబెట్టుకుని, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని. పెరట్లో వదిలేసిన తన పనిముట్ల సంచిలోంచి చిత్రిక తీసుకుని, ఆ చొక్కాతోనే తలుపులన్నీ ఒక్కొక్కటే పట్టాడు. మేడ మీది గదికి వచ్చేసరికి చొక్కా తడిసి ముద్దయింది.

చుట్టాలు నన్ను చూస్తున్నారు. నేనేం చేయాలి? నా తప్పు అనాలి. "పచ్చికర్ర వాడేశాడు, మోసం" అన్నాను, అందరికీ వినపడేలా. అతను చిత్రిక ఆపి నా వైపు చూశాడు. మళ్ళీ పనిలో పడ్డాడు.

ఇల్లు కట్టినవాళ్ళకి గృహప్రవేశం రోజు బట్టలు పెట్టడం మా వైపు ఆనవాయితీ. తాపీమేస్త్రికీ, రంగులవాడికీ, కరెంటు పనివాడికీ తాంబూలంతో పెట్టాం. వడ్రంగి దంపతులకి తెచ్చిన పంచెల చాపు, చీర పళ్ళెంలోంచి నేనే తీయించేశాను. వాళ్ళు ఓ మూల నిలబడి చూశారు. భోంచేయకుండానే వెళ్ళారు. ఆ తర్వాత పక్క ప్లాటాయన అతనికి పని ఇద్దామనుకుంటుంటే పచ్చికర్ర సంగతి చెప్పి మాన్పించింది కూడా నేనే. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, అదీ జరిగింది.

ఆ రోజు అతను చిత్రిక పట్టాక మా ఇంట్లో ఏ తలుపూ మళ్ళీ పట్టేయలేదు. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అలమర పట్టేసిన వారానికి కంచరపాలెం వెళ్ళాను. రైలు పట్టాల పక్క సందులో మేస్త్రి ఇల్లు. తప్పు ఒప్పుకుందామనే బయల్దేరాను, తీరా అతన్ని చూడగానే నోరు రాలేదు. తలుపు బిగించడం నేర్చుకోవాలని వచ్చానన్నాను. ఎవరని అడగలేదు, కూర్చోమన్నాడు. అతనికి చేతులు వణుకుతున్నాయి, పని మానేసి రెండేళ్ళయిందట. ఆదివారం రమ్మన్నాడు. ఆరు ఆదివారాలు వెళ్ళాను. అతను చెప్తుంటే నేను చేసేవాణ్ణి. అతని భార్యకి చెవుడొచ్చింది, టీ తాగమని గ్లాసు చూపించి సైగ చేసేది. వెళ్ళేముందు చెబుదాం, వచ్చేవారం చెబుదాం అని వాయిదా వేసుకుంటూ వచ్చాను. సిగ్గులేని మనిషి ఎలా ఉంటాడో తెలియాలంటే ఆ ఆరు వారాలు నన్ను చూడాల్సింది.

ఆరో ఆదివారం నా చేత ఒక కిటికీ రెక్క బిగింపించాడు. అయిపోయాక జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి నా చేతికిచ్చాడు. సందులో పెట్టాను, జారింది. అప్పుడు అర్థమైంది, నేనెవరో ఇతనికి తెలుసని.

ఏడో ఆదివారం పంచెల చాపు, చీర కవర్లో పెట్టుకుని వెళ్ళాను. అతని ముందు పెట్టి, తప్పు నాదేనన్నాను. సందు లేకుండా బిగించమన్నది నేను, అబద్ధమాడింది నేను, పక్క ప్లాటులో పని పోగొట్టింది కూడా నేనేనన్నాను. అరుగు మీద కూర్చుని గొణుక్కున్నట్టు చెప్పాను. సందులో ఎవరూ వినకూడదని గొంతు తగ్గించానని చెబుతుంటేనే నాకు తెలుస్తూ ఉంది.

అతను కవర్ ముట్టుకోలేదు. "తలుపులు ఎలాగున్నాయి?" అని అడిగాడు.

ఆ రోజు నుంచి ఒక్కటీ పట్టేయలేదన్నాను. అతను తలూపాడు.

"మొదటి రోజే మిమ్మల్ని గుర్తుపట్టినాను బాబూ. మా ఆవిడికి అప్పుడు తప్పు నాదే అని సెప్పినాను. తెలిసీ బిగించినోడిది తప్పే కదా. ఇన్నాళ్ళూ ఆవిడ అదే అనుకుంటంది." లోపలికి చూసి చేత్తో భార్యని పిలిచాడు. "ఇప్పుడు నాకు సెప్పింది ఆవిడికి సెప్పండి. గట్టిగా సెప్పాలి, సెవుడు కదా."

ఆవిడ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను లేచి నిలబడ్డాను. "తప్పు నాదమ్మా. మేస్త్రి వద్దన్నా నేనే సందు లేకుండా బిగించమన్నాను. కర్ర పచ్చిది కాదు, నేనే అబద్ధమాడాను" అని అరిచాను. ఎదురింట్లో బియ్యం చెరుగుతున్న ఆవిడ చేట ఆపింది. పక్కింటి కిటికీ తెరుచుకుంది.

మేస్త్రి భార్య నా మొహంలోకి చాలాసేపు చూసింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏటి బాబూ?" అంది.

మొదటిసారే ఆవిడకి వినపడిందని నాకు ఇప్పటికీ అనుమానం. ఇంకా గట్టిగా, మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను.