ముక్కు పైకెత్తిన బండి

చెవి మేస్త్రీ అంటే డీజిల్ బండ్ల వాళ్ళందరికీ గురి. పొడవాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని రోగం చెప్పేస్తాడు. ముప్పై ఏళ్ళుగా ఆయనది ఒకటే పట్టు. బండే షెడ్డుకి రావాలి, తను బండి దగ్గరికి పోడు.

ఆ పట్టుని వాళ్ళక్క పాత పికప్పు వదిలించింది.

అక్క ఆసుపత్రి దుప్పట్లు ఉతికించి, పొద్దున ఏడింటికల్లా తనే బండి నడుపుకుంటూ తీసుకెళ్ళి దింపుతుంది. మూడు వారాలుగా ఆ బండి ఒకరోజు తాళం తిప్పగానే అందుకుంటోంది, ఇంకోరోజు అరగంట ఏడిపిస్తోంది. ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారైతే పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని ఆసుపత్రి సూపర్‌వైజరు మొహాన చెప్పేశాడు. షెడ్డుకి తెస్తే మాత్రం ఒక్క తిప్పుకే స్టార్టు. మేస్త్రీ బ్యాటరీ మార్చాడు, హీటరు ప్లగ్గులు మార్చాడు. చెవి పెట్టి విని, "ఇంజను గుండ్రాయిలా ఉందక్కా" అన్నాడు.

ఈరోజు ఆరింటికి ఫోను.

"మళ్ళీ మొరాయించింది. నీ చెవులు షెడ్డులోనే పనిచేస్తాయా, బయట కూడానా?"

సామాన్లు మోపెడ్ మీద వేసుకుని వచ్చేసరికి ఆరూ పదిహేను. ఇంటి ముందు ఏటవాలు మీద బండి ముక్కు పైకెత్తుకుని ఉంది. వెనక దుప్పట్ల మూటలు. అక్క సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడుతోంది.

"ఆపు! ఉన్న చార్జింగు కూడా పోతుంది. రోజూ ఇలాగే పైకి పెడతావా?"

"లేదురా. ఎదురింటాయన కారు అడ్డంగా ఉన్నప్పుడే. లేకపోతే కిందికి తిప్పి పెడతా. ఏం, ఎత్తు మీదుంటే బండికి కళ్ళు తిరుగుతాయా?"

మేస్త్రీ నవ్వలేదు. డీజిల్ లైనులో జానెడు పారదర్శకపు గొట్టం అతికించి హ్యాండ్ పంపు కొట్టాడు. గొట్టం నిండింది. చెయ్యి తీయగానే ఒక బుడగ, దాని వెనక ఇంకోటి. డీజిలు మెల్లగా వెనక్కి, కింద ఉన్న ట్యాంకు వైపు జారిపోయింది. ఎక్కడో గాలి దూరుతోంది. షెడ్డు నేల చదును కాబట్టి అక్కడ జారదు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టలేదు.

పంపు బలంగా కొట్టాడు. ఫిల్టరు పైబోల్టు చుట్టూ తడి.

మూడు వారాల కిందట ఆ ఫిల్టరు మార్చింది తనే. రోగం మొదలైందీ అప్పుడే. బోల్టు కింద వేసే కొత్త రాగి వాషర్లు ఒట్టి రేకుముక్కలని ఆయన నమ్మకం. పాతవాటినే ఎర్రగా కాల్చి, నీళ్ళలో ముంచి, మళ్ళీ వేస్తాడు. బోల్టు విప్పి చూస్తే అదే, అంచున గాటు. వాషర్ల డబ్బాలో ఉన్నవన్నీ అలా కాల్చిన పాతవే. కొట్లు తొమ్మిదికి గానీ తెరవరు.

"అక్కా, ఆ ఫిల్టరు అట్టపెట్టె పారేశావా?"

"ఎందుకు పారేస్తా? బండి కాగితాలు అందులోనే పెట్టుకున్నా."

డ్యాష్‌బోర్డులోంచి తీసి కుదిపింది. అడుగున కొత్త వాషరు టకటకలాడింది.

"ఇది ఆరోజు నేనే వెయ్యలేదు," అన్నాడు. "పాతది కాల్చి వేశా. తప్పు బండిది కాదు, నాది."

అక్క వాషరు తీసి మేస్త్రీ చేతిలో పెట్టింది.

"ముందు బిగించు. తిట్లు దారిలో."

బిగించాడు. పంపు గట్టిపడేదాకా కొట్టాడు. మొదటిసారి సెల్ఫ్ తిరిగింది, ఇంజను అందుకోలేదు. అక్క స్టీరింగుకి నుదురు ఆనించింది. రెండోసారి బండి ఒళ్ళంతా వణికి, తెల్లపొగ కక్కి, అందుకుంది. ఆరూ ముప్పై ఎనిమిది.

మాట తప్పలేదు, దారంతా తిట్టింది. ఏడుకి నాలుగు నిమిషాలుండగా ఆసుపత్రి వెనక గేటు. సూపర్‌వైజరు గడియారం చూసుకుని తలుపు తీశాడు. మూటలు దించే చోటు కూడా ఏటవాలే, బండి ముక్కు మళ్ళీ పైకే.

"ఆపనా వద్దా?" అక్క చెయ్యి తాళం మీదే ఉంది.

"ఆపు."

మూటలు దించడానికి అరగంట పట్టింది. మేస్త్రీకి ఆ అరగంటా బరువు తెలియలేదు, ఒక కన్ను బండి మీదే. తర్వాత అక్క తాళం తిప్పింది.

ఒక్క తిప్పుకే స్టార్టు.

"ఎక్కు," అంది. "నీ పాత వాషర్ల డబ్బా మాత్రం దారిలో ఎక్కడైనా పారేసెయ్."