ట్రాలీ మీద చర్చి బల్ల

అనకాపల్లి స్టేషను వెనక సందులో ఉండే వరప్రసాదరావు మాట్లాడితే, రైలింజను కన్నా ముందు ఆయనే పుట్టాడేమో అనిపిస్తుంది. ఆయన డ్రైవరూ కాదు, గార్డూ కాదు. పుష్ ట్రాలీ తోసేవాడు. ఇంజనీరుగారు గొడుగు కింద బల్ల మీద కూర్చుని లైను చూసుకుంటూ పోతుంటే, వెనక చెప్పుల్లేని కాళ్లతో రైలు పట్టా మీదే పరుగెత్తి బండిని తోసే జట్టులో ఒకడు. బెత్తెడు వెడల్పు కూడా లేని ఆ ఇనుము మీద జారకుండా పరుగెత్తడం ఎవరి వల్లనైనా అవుతుందా అంటే, నవ్వేవాడు.

"నా కాలికి పట్టా అంటే ముకమల్ గుడ్డే. మే నెల్లో కూడా సల్లగా ఉండీది" అనేవాడు.

కోతలకేం కొదవ. డ్యూటీ దిగి వచ్చిన ఆ అరికాళ్లకు ఆముదం రాస్తూ, భార్య లూర్దు మేరీ ఈ కోతలన్నీ వినేది. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమె, నన్నూ ఆ బండి ఎక్కించవా అని అడిగింది. అది ఆఫీసర్ల బండి, కుదరదన్నాడు. ఆమె మళ్లీ అడగలేదు. ఆయన మాత్రం మరిచిపోలేదు.

రిటైరయ్యాక, తాను తోసిన ట్రాలీనే పాత ఇనుముతో పాటు వేలం వేస్తున్నారని తెలిసింది. పాత జట్టు నలుగురూ కలిసి దాన్ని దక్కించుకుని, వాళ్లలో ఒకడైన సత్తియ్య పశువుల శాలలో పెట్టారు. ఆదివారం వస్తే నలుగురూ అక్కడే. తుప్పు గీకారు, రంగులేశారు, చక్రాలకు గ్రీజు పెట్టారు. "బండి కొన్నారు సరే, పట్టాలెక్కడేత్తారు, మీ వీధిలోనా?" అని టీ కొట్టు దగ్గర జనం ఎగతాళి చేశారు.

పట్టాలు లేకపోలేదు. ఒకప్పుడు బెల్లం ఎక్కించిన పాత సైడింగు, స్టేషను పక్క లైను, ఒకటి వాడకం లేక పడి ఉంది. 2006 వేసవిలో దాన్నీ పీకేస్తున్నారని కబురు వచ్చింది. అది పోతే ట్రాలీ ఇక ఎప్పటికీ పశువుల మధ్య బొమ్మే. వరప్రసాదరావు పరుగున సెక్షన్ ఇంజనీరు వెంకటరమణ దగ్గరికి వెళ్లి ఆ లైను ఒక్కపూట వాడుకోనిమ్మని అడిగాడు.

"ఇస్తాను గాని రూలు మీకు తెలిసిందే. రైలొస్తే నలుగురూ ఎత్తి బండిని పక్కన పెట్టాలి. ఖాళీ సైడింగైనా సరే, ముందు ఎత్తి చూపించండి" అన్నాడు ఇంజనీరు.

"ఎత్తడం మాకు నేర్పుతారేటండి" అన్నాడు వరప్రసాదరావు.

ఆ రోజుల్లోనే చర్చిలో ప్లాస్టిక్ కుర్చీలు వేసి పాత బల్లలు ఇచ్చేస్తున్నారు. ట్రాలీకి మొదట ఉన్న బల్ల ఎప్పుడో ఊడిపోయింది గనక, ఆయన ఒక టేకు బల్ల తెచ్చాడు. చేతులున్న బల్ల, వీపుకు ఆనుడు ఉన్న బల్ల. మేరీ దాని మీద మహారాణిలా కూర్చోవాలి. ట్రాలీనీ, బల్లనీ విడివిడిగా సైడింగుకు చేర్చి, అక్కడే బోల్టులు బిగించారు. తీరా ఇంజనీరు వచ్చి ఎత్తమన్నాడు. నలుగురూ నాలుగు మూలలా పట్టారు. బండి కదల్లేదు. రెండోసారి ఒక మూల లేచి, మళ్లీ పట్టా మీద దబ్బున పడింది. బండిని ఎత్తుతూనే బతికిన మనుషులు, దాన్ని ముస్తాబు చేసే మోజులో ఎత్తాల్సిన బండి అన్న సంగతే మరిచారు. వరప్రసాదరావుకు తల కొట్టేసినట్టయింది.

"పెద్దాయనా, రూలు రూలే" అన్నాడు ఇంజనీరు.

"బల్ల తీసీ మావా" అంది పక్కనే నిలబడ్డ మేరీ.

"నీకోసమే కదా తెచ్చేను."

"నాకోసమైతే నా మాటిను. బండెక్కుతానని అడిగేను గాని, బల్ల కావాలని అడిగేనా?"

ఆయన సత్తియ్యకు సైగ చేశాడు. సత్తియ్య స్పానరు తీశాడు. బల్ల దిగింది. నలుగురూ పట్టారు. ఒక్క ఊపున బండి లేచి కంకర మీదికి వెళ్లింది, అంతే సులువుగా పట్టాల మీదికి తిరిగొచ్చింది. ఇంజనీరు తలూపి పక్కకు తప్పుకున్నాడు.

మేరీ చెప్పులు విడిచి, బండెక్కడానికి పట్టా మీద కాలు పెట్టింది. పెట్టిన కాలు పెట్టినట్టే లాక్కుంది. మిట్టమధ్యాహ్నపు ఇనుము. మొగుడి వైపు చూసింది.

"ముకమల్ గుడ్డన్నావు" అంది.

కోతలరాయుడు తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"ఇన్నేళ్లూ సల్లగుందని సెప్పేవు కదా మావా."

"నిజం సెప్తే నువ్వు డూటీకి పోనిత్తువా?"

మేరీ కళ్లొత్తుకుని, బండెక్కి, ఉత్త చెక్కల మీద కాళ్లు వేలాడేసి కూర్చుంది. ఆయన చెప్పులు విడుస్తూ తటపటాయించడం చూసింది.

"ఇంట్లో ఆముదం ఉంది. పరిగెట్టు" అంది.

వరప్రసాదరావు పట్టా ఎక్కాడు, పక్క పట్టా మీద సత్తియ్య. చక్రాలు పాట అందుకున్నాయి. ఆయన కాలు ఇప్పటికీ జారలేదు. ఆమె వెనక్కి తిరిగి చూస్తుంటే, పరుగు ఆపకుండానే, జన్మలో మొదటిసారి గట్టిగా ఒప్పుకున్నాడు.

"కాల్తంది మేరీ."