గోడ మీది పదిహేడో పేజీ

తిరుపతిలో దామోదరం గారి ప్రెస్సులో కంప్యూటర్ మీద పని రూతుది. పెళ్లిపత్రికలు, పరీక్ష గైడ్లు, మరమగ్గాల కంపెనీ మాన్యువల్, అన్నీ తనే కూర్చేది. ఆమెకు ఒక్కటే వెలితి. ఆ మాన్యువల్‌ను ఎవరైనా చదువుతుంటే ఏనాడూ చూడలేదు. ఎవరు చదువుతారో, ఎట్లా చదువుతారో ఒక్కసారి చూడాలని మహా కుతూహలంగా ఉండేది.

కంపెనీ మెకానిక్ మునిశేఖర్ వచ్చి కబురు చెప్పిన రోజు ఆ కుతూహలం గుబులుగా మారింది.

"నగరిలో చంద్రకాంతమ్మ మగ్గంలో నూలు మోసుకుని అటూ ఇటూ తిరిగే నాడె ఎగిరొచ్చి కనుబొమ్మ కాడ తగిలిందమ్మా. కన్ను దక్కింది, అదే పదివేలు. అంతకు ముందు మగ్గం సరిగా ఆడలేదని ఫోన్ చేస్తే, పదిహేడు, పద్దెనిమిది పేజీలు సూసి బోల్టు బిగించమన్నా. ఆయమ్మ వదులు చేసింది. అడిగితే, పేజీలో అట్లే ఉండాదంటాది."

చంద్రకాంతమ్మ కొన్నది మొదటి ముద్రణ. రూతు దాని ప్రతి తీసి చూసింది. పద్దెనిమిదిలో బిగించమనే ఉంది. మరి ఆయమ్మ ఏం చదివినట్టు? మూడో ముద్రణ ఆ వారమే అచ్చుకు పోవాలి. తప్పు తన పేజీల్లోనే ఉంటే ఇంకెంత మంది మొహాల మీదికి నాడె ఎగురుతుందో. మరునాడే మునిశేఖర్ వెంట నగరి బస్సెక్కింది.

చంద్రకాంతమ్మ ఇంట్లో పుస్తకమే లేదు. మగ్గం వెనక గోడ నిండా, మైదాపిండితో అంటించిన పేజీలు. రూతుకు ఒళ్లు మండింది. కళ్లు పొడుచుకుని కూర్చిన పుస్తకాన్ని చించి గోడకు కొడతారా!

"ఎందుకు చించినావక్కా?"

"చేతులంతా నూనె కదమ్మా, పుస్తకం యాడ పట్టుకునేది? తలెత్తితే కనపడల్ల."

మాట నిజమే. కోపం దిగిపోయింది. రూతు గోడ దగ్గరికి జరిగింది. పదిహేను, పదిహేడు, పంతొమ్మిది. మధ్యలోవి లేవు.

"పద్దెనిమిది యాడుండాదక్కా?"

"అది గోడకు అతుక్కుపాయ కదా. ఎనక తట్టువి పక్కింటి వసంతమ్మ తన పుస్తకంలోంచి అంటించుకునింది. కావాల్సినప్పుడల్లా పోయి సూసొస్తా."

రూతుకు నవ్వాగలేదు. ఒక పుస్తకాన్ని రెండిళ్ల గోడలు పంచుకున్నాయన్నమాట! కానీ పక్కింట్లో అడుగుపెట్టగానే ఆ నవ్వు ఎటు పోయిందో. వసంతమ్మ గోడ మీద ఉన్నది రెండో ముద్రణ. నూనె పోయడం గురించి ముందు రెండు పేజీలు చేర్చి, అంకెలన్నీ రూతే జరిపింది. అందులో పద్దెనిమిది అంటే, మగ్గం విప్పేటప్పుడు బోల్టు వదులు చేసే పద్ధతి. చంద్రకాంతమ్మ చదివొచ్చింది అదే.

తిరిగొచ్చేసరికి, మునిశేఖర్ బోల్టు బిగించిన మగ్గాన్ని చంద్రకాంతమ్మ నడపబోతోంది. మొహం గోడవైపు తిప్పుకుని మీట లాగింది.

"అట్ల తిరిగినావేమక్కా?"

"దెబ్బ తగిలిన కాడ్నుంచి ఇట్లేలే. సూడాలంటే బయం."

ఆమె కనుబొమ్మ మీది కుట్ల మచ్చ తన చేత్తో పెట్టినట్టే అనిపించింది రూతుకు. తిరుపతి దారి పొడవునా కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ప్రెస్సుకు రాగానే, పేజీల అంకెలు వేసే పద్ధతే మార్చాలంది.

"లోకంలో పుస్తకాలన్నీ ఒకటి నుంచి కడదాకా పోతాయి. మనదానికి ఏం రోగం?" అన్నాడు దామోదరం గారు.

"పుస్తకమైతే అట్లే పోనీ సార్. మనది గోడెక్కుతాండాది."

ఆయన గొణిగాడు, కాగితం దండగన్నాడు, చివరికి సరేనన్నాడు. మూడో ముద్రణలో మగ్గంలోని ఒక్కో భాగానికి, ఒక్కో పనికి వేరే అంకెల వరస. నూనె ఒకటి, నూనె రెండు. నాడె ఒకటి, నాడె రెండు. నూనె దగ్గర ఎన్ని పేజీలు చేర్చినా నాడె అంకెలు కదలవు. పేరూ అంకే పైన లావుగా, ముద్రణ సంవత్సరం కింద. వెనక వైపు ఖాళీ.

పుస్తకాలు రాగానే రూతు తానే తీసుకెళ్లింది. ముందు రెండిళ్ల గోడలూ తడిపి పాత పేజీలు గీకించింది. చంద్రకాంతమ్మ కొత్తవి అంటించి, నాడె రెండు దగ్గర ఆగి, కూడబలుక్కుంటూ చదివి, బోల్టు తనే మళ్లీ బిగించింది. మీట మీద చెయ్యేసి, అలవాటుగా మొహం గోడవైపు తిప్పింది. తలెత్తి ఆ పేజీని మళ్లీ చదువుకుంది. మెల్లగా ఇటు తిరిగి, నాడెను చూస్తూ మీట లాగింది.