బంతంతా తిరిగే కెమెరా

బెన్హర్ గారు గరివిడి చుట్టుపక్కల ఇరవై ఏళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్నారు. చర్చి పెళ్ళైనా పందిరి పెళ్ళైనా ఆయన పద్ధతి ఒకటే. భోజనాల బంతిలో మొదటి విస్తరి దగ్గర కెమెరా ఎత్తితే చివరి విస్తరి దాకా దించరు. మధ్యలో ఒక్క మేనత్త ముఖం తప్పిపోయినా ఆ రెండిళ్ళకీ మాటలుండవు, ఈయనకి ఆ వీధిలో మళ్ళీ పెళ్ళి దొరకదు.

ఇప్పుడు విజయనగరం నుంచి డ్రోను కుర్రాళ్ళు వచ్చి పడ్డారు. ఈయనకి పని పల్చబడింది. అందుకే మా డిగ్రీ కాలేజీలో సినిమా కోర్సు పెట్టి, పాఠం చెప్పే దిక్కులేక కబురంపితే, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేశారు. షరతు ఒక్కటే. మా చేత మూడు నిమిషాల సినిమా తీయించాలి. ప్రిన్సిపాల్‌కి నచ్చితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి.

కోర్సులో చేరిన మేం మాత్రం ఏపాటి వాళ్ళం? ఇంకెక్కడా సీటు రానివాళ్ళం.

మొదటి రోజు బోర్డు మీద నాలుగు మాటలు రాశారు. "కెమెరా నొక్కిన కాడి నుంచి ఆపేదాకా షాట్. ఒకే చోట, ఒకే వేళ జరిగేదంతా సీన్. అదే షాట్ మళ్ళీ తీస్తే ఇంకో టేకు."

"మరి తాళి కట్టడం సరిగ్గా పడకపోతే రెండో టేకు తీస్తారా సార్?" అంది మా క్లాసు దుర్గాభవాని.

"అడిగితే పంతులుగారు నన్ను పందిరి రాటకి కట్టేస్తారమ్మా."

నవ్వాం. నాలుగో మాట క్లోజప్. "ఒక్కరి ముఖమే తెర నిండా చూపించడం," అని చదివి ఆగిపోయారు. "పక్కనున్నోళ్ళు ఊరుకుంటారా?" అని గొణుక్కున్నారు. నేను చదివిన పుస్తకాల్లో క్లోజప్ అంటే మనిషి మనసు కనబడే చోటు. ఈయన లెక్కలో తగువు. ఎవర్ని నమ్మాలో తెలియలేదు.

సినిమా తీయడానికి దుర్గాభవాని వాళ్ళ ఊరెళ్ళాం. వాళ్ళ మామ్మ గురమ్మ బస్సు కోసం కాచుకుని ఉంటుంది, బస్సు ఆగకుండా పోతుంది. అంతే కథ. కెమెరా చూసి ఊరంతా వచ్చి వరసగా నిలబడింది. బెన్హర్ గారు గురమ్మ దగ్గర మొదలెట్టి, ఆ చివర మేకపిల్లని ఎత్తుకున్న జోగయ్య దాకా మెల్లగా తిప్పారు. ప్రతి షాటూ అలాగే.

"వీళ్ళు కథలో లేరు కదా సార్?" అన్నాను.

"ఊళ్ళో ఉన్నారు కదయ్యా."

సినిమా పదకొండు నిమిషాలొచ్చింది. ప్రిన్సిపాల్ జగన్నాధం గారు చూసి నుదురు పట్టుకున్నారు. "సినిమానా, జనాభా లెక్కలా? ఆవిడొక్కర్తినే ఉంచండి. లేదంటే విశాఖ నుంచి వేరే మాస్టారిని పిలుచుకుంటాం."

బెన్హర్ గారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఒక్కో ముఖం దగ్గరా ఆయన వేలు ఆగిపోయేది. "పాపం, మేకని కడిగి మరీ తెచ్చాడు," అనేవారు. "కట్, సార్," అనేది దుర్గాభవాని. సాయంత్రానికి రోడ్డూ గురమ్మా మిగిలారు. ఒప్పుకోవడం కష్టంగా ఉంది గానీ, బాగుంది. జగన్నాధం గారు ఉద్యోగం ఖాయం చేశారు.

బెన్హర్ గారు సినిమా చూపిస్తానని ఊరికి మాటిచ్చారు కాబట్టి, మర్నాడు మమ్మల్ని తీసుకెళ్ళి గురమ్మ అరుగు మీద ల్యాప్‌టాప్ పెట్టారు. సినిమా అయిపోయింది. అందరూ ఇంకా తెర వంకే చూస్తున్నారు.

"మాదెప్పుడొస్తాది?" అన్నాడు జోగయ్య.

బెన్హర్ గారు తల దించుకున్నారు. గురమ్మకి కోపమొచ్చింది. "ఏటి బాబూ, నన్నొక్కదాన్నే సూపించినావు? ఊరోళ్ళందరూ ఏటైపోనారు? సూసినోళ్ళు నాకెవరూ లేరనుకోరా?"

"కాలేజీకి ఇలాగే కావాలి పిన్నీ."

"కాలేజీకి బస్సాగనేదా, నాకా?"

ఆయన పదకొండు నిమిషాల సినిమా పెట్టారు. ఒక్కో ముఖానికీ కేకలు, ఈలలు. ఆ గోలలో నా చెవి దగ్గరకొచ్చి, "రేపు క్లాసులో ఏది సరైందని చెప్పాలయ్యా?" అన్నారు.

నేను దుర్గాభవానిని అడిగాను.

"ఉండెహె, మా అమ్మ ఇంకా రానేదు," అంది, తెర మీంచి చూపు తిప్పకుండా.