బాయిలర్ గోడ అవతల

మా మనవరాలు యూనివర్సిటీలో ఎకనామిక్స్ చదువుతూ, పక్కన మైనర్ సబ్జెక్టుగా తత్త్వశాస్త్రం తీసుకుంది. మా వాడికి, అంటే వాళ్ల నాన్నకు, అది మింగుడుపడలేదు.

“పటాన్‌చెరుల ఏ కంపెనీ గేటుకన్న ‘తత్త్వశాస్త్రం వచ్చినోళ్లు కావలెను’ అని బోర్డు కట్టిండ్రా? ఈసారి మార్కులు మంచిగ రాకుంటే కంప్యూటర్ సబ్జెక్టుకు మారు. ఇగ మాటల్లేవ్” అన్నాడు.

మార్కుల్లో సగం ఒక్క వ్యాసానివే. ఇంట్లోవాళ్ల అనుభవం ఒకటి తీసుకుని, ఒక సంగతి మనకు తెలుసని ఎట్లా అనగలమో తేల్చాలట. పిల్ల నేరుగా నా దగ్గరికే వచ్చింది. రాదా మరి! కాజీపల్లి కంపెనీలో ముప్పై ఏళ్లు బాయిలర్ నడిపినవాణ్ని. ఒకనాడు గోడ అవతలి నుంచే చప్పుడులో తేడా పట్టేసి, లోపలికి ఉరికి, నీళ్లు అడుగంటిన బాయిలర్ కింద మంట ఆపి, రెండు వందల ప్రాణాలు నిలబెట్టినవాణ్ని. మొదటిసారి చెప్పినప్పుడు పన్నెండు మందే. కథ పాతబడేకొద్దీ కంపెనీలో జనం పెరిగారు.

వ్యాసం ఇవ్వడానికి ముందురోజు మధ్యాహ్నం పది పేజీలూ చదివి వినిపించింది. ‘మా తాత మాటే నాకు సాక్ష్యం’ అని ముగించింది. నేను మహర్షిలా కళ్లు మూసుకుని విన్నాను.

“తాతా, ఒక్క డౌటు. బాయిలర్ నడిపేటోనివి నువ్వే గద. మరి గోడ అవతల ఏం జేస్తున్నవ్?”

ఇన్నేళ్లలో ఆ మాట ఒక్కరూ అడగలేదు. ఇంకో కథ నోటిదాకా వచ్చింది. ఆ సాక్ష్యం అన్న మాట అడ్డుపడింది.

“పండుకున్న బిడ్డా.”

“డ్యూటీల?”

“ఆఁ. ఆకలైతే లేచిన. అన్నం డబ్బాలు ఆవిరి పైపు మీద వెచ్చగ పెట్టుకునేటోళ్లం. ఆ దినం మీ నానమ్మ చింతచిగురు మటన్ పెట్టింది. దోస్తులు ఊడ్చేస్తరని అందరికన్న ముందే డబ్బా కోసం పోయిన. సూస్తే బాయిలర్ల నీళ్లెన్ని ఉన్నయో సూపే గాజు గొట్టంల నీళ్లు లెవ్వు. చప్పుడు గిప్పుడు ఏం ఇనలే.”

“అంటే అందర్ని కాపాడింది నానమ్మ కూరనా?”

“గంతే.”

“ఆమెకు చెప్పినవా?”

తల అడ్డంగా ఊపాను. ఆమె పోయి నాలుగేళ్లు. నా చెవి గొప్పదని ఆమె ముందు మీసం తిప్పానే గాని, నీ కూర వల్లనే అని ఒక్కసారీ అనలేదు.

పిల్ల కాగితాలు మూసేసింది. నా మూలంగా సబ్జెక్టు పోయిందనుకున్నాను.

“జెర చాయ్ పెట్టు తాతా. మళ్ల రాయాలె.”

ఇష్టమైన మనిషి చెబుతుంటే అడగాల్సిన ప్రశ్న మనకెందుకు తట్టదు? సాయంత్రానికి దాని మీద కొత్త వ్యాసం తయారైంది. యూనివర్సిటీ మొత్తంలో అదే ఫస్టు.

సరే, క్లాసులో మూడోది.

మా వాడు దాన్ని రెండుసార్లు చదివాడు. “తత్త్వశాస్త్రమే ఉండనియ్ తీ” అన్నాడు కూతురితో. కాసేపటికి నా వైపు తిరిగి, “నాయినా, అమ్మ ఆ చింతచిగురు కూర ఎట్ల వండేది?” అని అడిగాడు.

నాకు తెలుసని మొదలుపెట్టబోయాను. పిల్ల నన్నే చూస్తోంది.

“తెల్వదురా,” అన్నాను, “తినుడే తెలుసు.”