తెల్ల హెల్మెట్ తిరిగిచ్చిన రోజు

రెండువేల ఎనిమిది ఎండాకాలం. సీబ్ అనే ఊరు దాటి కొండల వైపు విల్లాలు కడుతున్న సైట్‌లో మా ఫోర్‌మన్ ఒక వియత్నాం మనిషి. యాభై దాటినవాడు. గల్ఫ్‌లో నలిగి నలిగి ముక్కలు ముక్కలుగా హిందీ నేర్చుకున్నాడు. మేమంతా కాకా అని పిలిచేవాళ్లం.

అన్నం దగ్గర ఆయన పద్ధతే వేరు. మా అందరి టిఫిన్ డబ్బాలు తెరుచుకున్నాయని చూసుకున్నాకే తనది తెరిచేవాడు. అదేందని అడిగితే వాళ్ల తాత ముచ్చట ఎత్తేవాడు. తాత ఊళ్లో పిల్లలకు కన్‌ఫ్యూషియస్ చదువు చెప్పిన పంతులట. ఏలేవాడు జనానికి తల్లీతండ్రీ అని నేర్పేవాడట. ఆ రాజు దారి తప్పితే కొలువులో ఉన్నవాడు ఎదురుగా నిలబడి చెప్పాలి. వినకపోతే అధికార ముద్ర తిరిగిచ్చి ఇంటికి పోవాలి. అప్పుడు రాజు సిగ్గుపడి దారికొస్తాడు.

"అట్ల సిగ్గుపడే దొర మా దిక్కు ఇంకా పుట్టలే కాకా" అని మా బావ ఏడిపించేవాడు. బావంటే మా అక్క మొగుడు. జగిత్యాల దగ్గరి ఊరి నుంచి ఇద్దరం కలిసే వచ్చాం.

ఒకరోజు పొద్దెక్కాక బావ సిమెంట్ బ్లాకుల పక్కన కూలబడ్డాడు. ఒళ్లు కాలిపోతోంది గాని చెమట చుక్క లేదు. "మీ అక్కకు చెప్పకురా, పరేషాన్ అయితది" అన్నాడు. సైట్‌లో ఉన్నది ఒక్క పికప్. తెల్ల హెల్మెట్ పెట్టుకున్న ఫోర్‌మన్ చెబితే తప్ప డ్రైవర్ తాళం తిప్పడు. చెబితే మాత్రం ఎందుకని అడగడు. కాకా నేరుగా వాడి దగ్గరికే పోతాడనుకున్నాను. ఆయన మేనేజర్‌ను అడగడానికి క్యాబిన్‌లోకి పోయాడు. నేనూ వెనకాలే పరుగెత్తాను.

"డ్యూటీ అయ్యాక చూద్దాం. నీడలో పడుకోబెట్టు" అన్నాడు మేనేజర్. కాకా మళ్లీ చెప్పాడు. ఇంకోసారి బతిమాలాడు. తర్వాత తెల్ల హెల్మెట్ తీసి, రెండు చేతులతో బల్లమీద పెట్టి, తలవంచి బయటికొచ్చేశాడు. మేనేజర్ దాన్ని పక్కకు జరిపి ఫోన్ ఎత్తాడు.

పికప్ దగ్గరికి వెళ్తే డ్రైవర్ కాకా నెత్తి వంక చూశాడు. "ఇప్పుడు ఫోర్‌మన్ ఎవరు?" అని అడిగాడు. తిట్టాను, కాళ్లు పట్టుకున్నాను. వాడి ఉద్యోగం భయం వాడిది.

డ్యూటీ దిగాకే బండి కదిలింది. బావ తల నా ఒళ్లో ఉంది. సీబ్ దుకాణాల దగ్గరికి చేరేసరికి ఊపిరి లేదు. నేను మాత్రం ఆస్పత్రి దాకా ఆయనతో మాట్లాడుతూనే ఉన్నాను.

శుక్రవారం సెలవుపూట కాకా మా రూమ్‌కొచ్చి నా మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు. ఏడ్చి ఏడ్చి ఆయన కళ్లు వాచిపోయాయి. అయినా ఆ మేనేజర్ మీద కన్నా ఈ మంచి మనిషి మీదే నాకు ఒళ్లు మండింది.

"నెత్తిమీద అది ఉన్నప్పుడే డ్రైవర్‌కు ఒక్క మాట చెప్తే అయిపోతుండె గద కాకా! ఎందుకు తీసినవ్?"

"వద్దన్నాక అదే అధికారంతో బండి తీస్తే దొంగతనం" అన్నాడు. మళ్లీ తనే, "తాత చెప్పిన కథలో సాయంత్రానికల్లా రాజు మనిషిని పంపి ముద్ర తిరిగి ఇప్పిస్తాడు" అన్నాడు.

"మరి సాయంత్రం దాకా ఆ జనం ఏమైన్రు?"



"అది తాత చెప్పలేదు" అన్నాడు కాకా.