దేవుడి డబ్బా

మా ఇంట్లో అన్నం వండే ప్రతిసారీ, బియ్యం కడిగే ముందు మా అత్త అందులోంచి పిడికెడు తీసి గూట్లో ఉన్న స్టీలు డబ్బాలో వేస్తుంది. చర్చికి వెళ్లే ఇళ్లలో ఇది మామూలే. నెలకో ఆదివారం అందరూ ఆ బియ్యాన్ని తీసుకెళ్లి చర్చిలో ఉన్న గోనెసంచిలో పోస్తారు. అందులో కొంత పాస్టరు గారింటికి, కొంత ఊళ్లోని లేనివాళ్లకు. నా పుట్టింట్లోనూ ఈ పద్ధతి ఉంది. కాకపోతే మా అమ్మ గుర్తొచ్చినప్పుడు వేసేది, అత్త జ్వరంలో కూడా మరిచిపోదు. పైగా ఆమె పిడికిలి పెద్దది.

ధరలు పెరిగాక నాకు ఆ పిడికిలి మీద కోపం మొదలైంది. ఇంటి ఖర్చు చూసుకునేది నేను. గ్యాస్ బండ ఇంకో పది రోజులు ఎక్కువ రావాలని బియ్యం ముందే నానబెట్టి వండేదాన్ని. అన్నం ముప్పాతిక ఉడకగానే స్టవ్ కట్టేసి, మూత మీద పొత్రం పెట్టేదాన్ని. సాయంత్రం టీ మానేశాం. పిల్లలకు జుట్టు నేనే కత్తిరించాను. పెద్దవాడు వారం పాటు టోపీ తీయలేదు. ఇంత పిసినారితనం చేసి నేను మిగిల్చింది ఆమె రెండు పూటలా డబ్బాలో వేస్తుంటే ఒళ్లు మండేది. ఒకసారి చెప్పి చూశాను.

“ఈ రెండు నెలలన్నా ఆపు అత్తా. వేట మొదలైనాక రెండు పిడికిళ్లు వేద్దువు.”

“దేవుడికి బాకీ పెట్టమంటావా మే?” అంటూ ఆమె మూత బిగించింది.

వేసవిలో రెండు నెలలు చేపల వేట మీద నిషేధం, మా మైపాడు పడవలు సముద్రంలోకి పోకూడదు. మాకు పడవ లేదు, మా ఆయనది ఆటో. కానీ చేపల గంపలు నెల్లూరు మార్కెట్టుకు చేరవేస్తేనే ఆటోకు నాలుగు డబ్బులు. పడవ కదలకపోతే అదీ కదలదు. పైగా బడికి సెలవులు. మధ్యాహ్న భోజనం ఉండదు కాబట్టి పిల్లలిద్దరూ మూడు పూటలా ఇంట్లోనే తింటారు. ఆ రోజుల్లో బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టాలంటే భయం వేసేది.

వేట మొదలవడానికి ఇంకో వారం ఉందనగా నా చేతికి డ్రమ్ము అడుగు తగిలింది. ఆ పొద్దునే ఆటో క్లచ్ పోయింది. బియ్యం బస్తాకని దాచిన డబ్బు జేబులో పెట్టుకుని, ఇంకో ఆటోకు తాడు కట్టి లాగించుకుంటూ మా ఆయన టౌనుకు వెళ్లాడు. రాత్రికి గానీ రానన్నాడు. అంగట్లో అరువు, పక్కింట్లో చేబదులు మా ఇంట్లో నడవవు. అది అత్త పెట్టిన కట్టుబాటు. మామ పోయాక ఆమె చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి కొడుకును పెంచింది. ఒకరి గడప దగ్గర చెయ్యి చాపలేదు. ఈ సంగతి వీధిలో అందరికీ తెలుసు, తెలియనివాళ్లకు ఆమే చెప్పేది.

రాత్రి మిగిలిన అన్నం పొద్దునే పిల్లలకు పెట్టేశాం. మధ్యాహ్నం చిన్నది కంచం తెచ్చుకుని కూర్చుంది. దాని వెనకే పెద్దవాడు. ఇంట్లో బియ్యం లేవని వాళ్లకు తెలియదు. గూట్లో డబ్బా మాత్రం నిండుగా ఉంది.

“ఆ డబ్బా దించు అత్తా. ఆటో బాగై ఆయన బస్తా తెచ్చినాక కొలిచి మళ్లీ పోద్దాం.”

“అది మనది కాదు.”

“మనం వేసిందే గదా!”

“వేసినాక మనది కాదు.”

గిన్నెలో నీళ్లు పోసి, స్టవ్ వెలిగించి మంట పెద్దది చేశాను. బియ్యం లేకుండా ఎసరు. పాలు పొంగు రాకముందే స్టవ్ కట్టేసే మనిషిని నేను, ఆ సంగతి ఆమెకు తెలుసు. నీళ్లు మరిగి మూత ఎగిరెగిరి పడుతోంది. ఆమె గోడకు ఆనుకుని డబ్బా వైపు చూస్తోంది, నేను ఆమె వైపు చూస్తున్నాను. “అన్నం అయిందా?” అని చిన్నది అడిగింది. స్టవ్ కట్టేద్దామని నా చెయ్యి ముందుకు పోయింది గానీ పంతం కట్టనివ్వలేదు.

అత్త లేచి డబ్బా దించింది. హమ్మయ్య అనుకున్నాను. ఆమె కొంగు తల మీద వేసుకుని, డబ్బా చంకన పెట్టుకుని గడప దాటింది.

“యాడికి?”

“చర్చికి.”

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో. ఆదివారం దాకా ఇంట్లో ఉంచితే నేను తీసేస్తానని ఆమె భయం. ఆ భయంలో తప్పేం లేదు, తీసేదాన్నే.

చర్చి మా ఇంటికి ఎదురు వరసలోనే. గుమ్మంలోంచి చూస్తే గోనెసంచి కనబడుతుంది. ఆమె బియ్యం మొత్తం అందులో పోసి, డబ్బా బోర్లించి దులిపింది కూడా. బయటికి వచ్చి ఇంటి దారి పట్టలేదు. పక్కనే ఉన్న పాస్టరమ్మ గారి వాకిట్లో ఆగింది. అక్కడ నలుగురు ఆడవాళ్లు కూర్చుని చింతపండు గింజలు తీస్తున్నారు. వాళ్లందరి ముందూ ఆమె గొంతు ఎప్పటిలాగే పెద్దగా వినిపించింది.

“అమ్మగారూ, మా ఇంట్లో బియ్యం అయిపోయినాయి. పిల్లోళ్లు కంచాల ముందర కూసోనుండారు. లేనోళ్లకిచ్చే దాంట్లో మాకు కాసిని పెట్టండి.”

గింజలు తీసే చేతులు ఆగిపోయాయి. పాస్టరమ్మ గారు ఏమీ అడగకుండా డబ్బా అందుకున్నారు. నేను లోపలికి వచ్చేశాను. నాకు కావలసింది బియ్యమే గానీ ఇది కాదు.

ఆమె వచ్చేసరికి ఎసరు సగానికి ఇంకింది. “గ్యాసు అట్టా తగలేస్తారా ఎవురన్నా?” అని తిట్టి మంట తగ్గించింది. ఇంకో చెంబు నీళ్లు పోసింది. బియ్యం చేటలో పోస్తే సన్నవీ, లావువీ, రేషనువీ అన్నీ కలిసి ఉన్నాయి. మా ఇంటివీ అందులో ఎక్కడో ఉండే ఉంటాయి. కడిగే ముందు ఆమె ఎప్పటిలాగే పిడికెడు తీసి డబ్బాలో వేసింది. ఈసారి మూత నేనే బిగించాను.

అన్నం కొంత ముద్దయింది, కొంత పలుకుగా మిగిలింది. పిల్లలు ఆవురావురుమని తిన్నారు. ఆమె తల ఎత్తకుండా తిన్నది.

ఆదివారం పాస్టరు గారు ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాల కోసం ప్రార్థన చేశారు. ఎవరి పేరూ చెప్పలేదు. ప్రతివారం ఆ ప్రార్థన చివర మా అత్త ఆమెన్ అందరికంటే గట్టిగా వినిపించేది. ఆ రోజు వినిపించలేదు. కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. చెయ్యి పట్టుకుందామని చూస్తే, ఒళ్లో ఆ చెయ్యి పిడికిలి బిగించి ఉంది.